రంగం ఓడ, సైద్‌పూర్ ఉత్తరం

"మీది ఏ ఊరు?" అన్న ప్రశ్న అందరికీ ఎదురవుతుంది. ఒక్క జవాబుతో తీరిపోతుంది. మాకు మాత్రం తీరదు. టెక్కలి అని చెబితే, "అది కాదండీ, అసలు ఊరు?" అంటారు. తాతల నాటి నుంచీ టెక్కలే అంటే, "అంతకు ముందు?" అంటారు. శ్రీకాకుళం జిల్లాలో ముస్లింలు నూటికి ఒకరు కూడా లేరు. కాబట్టి ఎక్కడినుంచో వచ్చి ఉండాలని అడిగేవాళ్ల నమ్మకం. శ్రీకాకుళం పట్నంలోని జామియా మసీదును కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. అంటే ఈ గడ్డమీద మా నమాజుకు నాలుగు వందల ఏళ్లు నిండవస్తున్నాయి. ఆ తర్వాత ఈ జిల్లాకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్ని లేవు? వాళ్లనెవరూ అసలు ఊరేదని అడగరు.

ఈ ప్రశ్న మా ఒక్కరిదేనని చాలాకాలం అనుకున్నాను. అదే ప్రశ్నను రెండు దేశాల్లో రెండుసార్లు ఎదుర్కొన్న మనిషిని నిమ్మాడ దగ్గర కలుసుకునేదాకా.

పత్రిక కోసం వలసల మీద ఒక కథనం రాయాల్సి వచ్చి అటు వెళ్లాను. నిమ్మాడ కోటబొమ్మాళి మండలంలో జాతీయ రహదారి పక్కన ఉంది. కలకత్తా లారీలు, మద్రాసు లారీలు దాన్ని ఒరుసుకుంటూ పోతుంటాయి. అక్కడికి కొద్ది దూరంలో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ నా పేరు వినగానే తెలుగు మానేసి, "తుమ్ కిధర్ కా ఆద్మీ?" అని అడిగింది. ఉర్దూ అని మేం అనుకునే ఉర్దూ కాదది. వ్యాకరణం పట్టింపు లేని బజారు హిందూస్తానీ. చీర కట్టు, ముక్కుకు అటూ ఇటూ పుడకలు, మాట యాస, అన్నీ మన ఉత్తరాంధ్ర పల్లె ఆడమనిషివే. ఈ భాష ఎక్కడిదమ్మా అంటే, "రంగంది బాబూ. అక్కడ సాయిబులూ, మనోళ్లూ, అరవోళ్లూ అందరూ అదే మాటాడేవోరు" అంది.

రంగం అంటే రంగూన్. మన తీరప్రాంత ప్రజలు ఆ పట్నాన్ని ఎప్పుడో తెలుగు చేసుకున్నారు.

ఆమె 1946లో ఇక్కడే, తల్లి కన్నవారింట పుట్టింది. నెలల పిల్లగా ఓడెక్కింది. రంగూన్‌లో పెరిగింది. 1964లో పద్దెనిమిదేళ్ల వయసులో మళ్లీ ఓడ దిగింది. "పుట్టిన ఊరు కళ్లారా సూసింది పద్దెనిమిదేళ్లకి బాబూ. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఊరొచ్చినందుకు కాదు, రంగం పోయినందుకు" అంది. ఆ మాట నేను రాసుకున్నాను గానీ, పత్రికలో దానికి చోటు దొరకలేదు. వలస కథనాలకు డబ్బు లెక్కలు కావాలి. ఇలాంటి మాటలు ఎక్కడ ఇమడ్చాలో డెస్కుకు తెలియదు.

ఓడలు ఎందుకు కదిలాయి

బ్రిటిష్‌వాళ్లు మూడు యుద్ధాలు చేసి 1885 నాటికి బర్మా మొత్తాన్ని మింగారు. చివరి రాజు తీబాను తెచ్చి మహారాష్ట్ర తీరంలోని రత్నగిరిలో ఉంచారు. 1916లో అక్కడే చనిపోయాడు. అంతకు ముందు, 1857 తిరుగుబాటు తర్వాత, మన చివరి మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ను రంగూన్ పంపారు. 1862లో ఆయన అక్కడే కన్నుమూశాడు. గుర్తు కూడా లేకుండా పాతిపెట్టిన ఆయన సమాధి 1991లో గానీ బయటపడలేదు. సామ్రాజ్యం తన సౌకర్యం కోసం రెండు దేశాల రాజులనూ ఇల్లు మార్చింది. రాజులకు అలా జరిగితే కూలీల సంగతి చెప్పేదేముంది!

ఇరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. బియ్యం మిల్లులు, రంపపు మిల్లులు, రేవులు వెలిశాయి. వాటికి చేతులు కావాలి. ఇటు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో జమీందారీల కింద నలిగిన రైతుకూలీలు ఉన్నారు. ఇప్పటి పలాస, టెక్కలి, సోంపేట ప్రాంతాలు అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లావి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇవి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అంటే మా తాతలు కదలకుండా కూర్చున్నచోటే మూడు జిల్లాలు మారారు.

మేస్త్రీలు ఊళ్లలోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవారు. పెళ్లికో, అప్పుకో, శిస్తుకో ఆ డబ్బు ఖర్చయ్యేది. తర్వాత మనిషి ఓడెక్కేవాడు. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి రంగూన్ వెళ్లేవి. మిల్లు సీజనుకు పోయి సీజను కాగానే తిరిగొచ్చేవాళ్లు కొందరు. రెండు మూడేళ్లు ఉండి వచ్చేవాళ్లు ఎక్కువ. రంగూన్ రేవులో బస్తాలు మోసింది, రిక్షా లాగింది, పట్నం వీధులు ఊడ్చింది ఎక్కువగా మనవాళ్లే. ఇప్పటి కాకినాడ జిల్లాలోని పాత రేవు కోరంగి పేరుతో తెలుగువాళ్లందరినీ అక్కడ 'కొరంగీ'లు అన్నారు. తుపానుకు కొట్టుకుపోయిన రేవు పేరు తిట్టుగా మిగిలింది. భారతీయులందరికీ కలిపి ఇంకో మాట ఉంది, 'కలా'. పరాయివాడని దానర్థం.

1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. రంగూన్ జనాభా నాలుగు లక్షలైతే అందులో సగానికి మించి భారతీయులే. ఒక దేశపు ముఖ్యపట్టణంలో ఆ దేశస్థులు మైనారిటీ అయ్యారు. బర్మా ప్రజల కోపానికి కారణం లేదని నేననను. చెట్టియార్ల వడ్డీకి డెల్టాలో లక్షల ఎకరాలు పోగొట్టుకున్న రైతులున్నారు. కానీ భూమి పోయింది చెట్టియార్లకూ, లాభం పోయింది లండన్‌కూ అయితే, దెబ్బ తిన్నది మాత్రం కొరంగీ కూలీ.

1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కాంట్రాక్టర్లు వాళ్ల స్థానంలో బర్మావాళ్లను పెట్టుకున్నారు. తర్వాత తెలుగువాళ్లతో రాజీ కుదుర్చుకుని బర్మావాళ్లను పొమ్మన్నారు. ఆకలితో ఉన్న రెండు జట్లు 26వ తేదీన రేవులో ఎదురుపడ్డాయి. ఊచకోత రోజుల తరబడి సాగింది. వంద మందికి పైగా చనిపోయారు. దాదాపు అందరూ మనవాళ్లు. సమ్మెను విరగగొట్టిన కాంట్రాక్టర్లు క్షేమం. అది కూలి తగాదా. చరిత్ర పుస్తకాల్లో జాతుల తగాదాగా ఎక్కింది.

1938 జులైలో వచ్చిన అల్లర్లు మరో రకం. బౌద్ధాన్ని కించపరిచాడని ఒక ముస్లిం రాసిన పాత పుస్తకాన్ని బయటికి తీశారు. పత్రికలు రెచ్చగొట్టాయి. బర్మా స్త్రీలను ముస్లింలు పెళ్లాడుతున్నారన్న ప్రచారం తోడయింది. ఈ మాట ఇప్పటి పాఠకులకు కొత్తగా వినిపించదు. రెండువందల మంది దాకా చనిపోయారు. ఈసారి దెబ్బ ప్రధానంగా ముస్లింల మీద పడింది. వాళ్లలో భారతీయ ముస్లింలతో పాటు, బర్మా తల్లులకు పుట్టి బర్మా భాషే మాట్లాడే 'జేర్బాదీ'లు కూడా ఉన్నారు. తల్లి ఆ నేలదే. భాష ఆ నేలదే. అయినా పరాయివాళ్లే. అంటే పరాయితనానికి పుట్టుకతో పని లేదన్నమాట.

నడిచి వచ్చినవాళ్లు

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి మొదటి వారం దాటేసరికి పట్నం జపాన్ చేతికి వెళ్లింది. ఓడ టికెట్లు డబ్బున్నవాళ్లకు దొరికాయి. మిగిలిన జనం నడిచారు. అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగుకు కొందరు, తాము గుండా ఇంఫాల్‌కు కొందరు, హుకాంగ్ లోయ గుండా అస్సాంకు కొందరు. అలా నడిచినవాళ్లు నాలుగైదు లక్షల మంది ఉంటారు. కలరాకూ, మలేరియాకూ, ఆకలికీ దారిలో రాలిపోయినవాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. తెల్లవాళ్లకొక దారి, నల్లవాళ్లకొక దారి కేటాయించారని మన నాయకులు అప్పట్లోనే ఆరోపించారు.

ముసలమ్మ తల్లిదండ్రులు ఆ నడకలో వచ్చారు. రంగూన్‌లో పుట్టిన కొడుకును దారిలోనే పూడ్చిపెట్టారు. ఊరు చేరేసరికి ఇక్కడా యుద్ధమే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి. బర్మా నుంచి జనం విశాఖకు వస్తుంటే, విశాఖ జనం పల్లెలకు పరుగెత్తుతున్నారు.

యుద్ధం అయిపోయాక ఆమె తండ్రి మళ్లీ రంగం వెళ్లాడు. ఇది అర్థం కావడానికి నాకు సమయం పట్టింది. అంత కష్టపడి నడిచొచ్చిన మనిషి మళ్లీ ఎందుకు వెళ్లాడు? "ఇక్కడ ఏటుంది బాబూ? బూముందా? పనుందా? అక్కడ మిల్లుంది" అంది ఆమె. దేశభక్తి గురించి మనం రాసే వ్యాసాలన్నిటికీ ఇదొక జవాబు. ఆయన ముందు వెళ్లి, 1947 మొదట్లో భార్యనూ చంటిపిల్లనూ పిలిపించుకున్నాడు. ఆ ఏడాదే బర్మాలో వలసల చట్టం వచ్చింది. అనుమతి పత్రం లేనిదే రావడానికి వీల్లేకుండా తలుపు మూసుకుంది. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది.

పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. మిల్లు కూలీకి దరఖాస్తు ఎవరు రాసిపెడతారు? పెట్టినవాళ్లలో చాలామందికి జవాబు రాలేదు. విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డు తీసుకుని ఏటేటా రుసుము కట్టుకుంటూ బతికారు. ఆమె మాత్రం బర్మా బడిలో చదివింది. బర్మా అక్షరాలు వచ్చు. తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరం రాదు.

1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం లాక్కున్నాడు. 1963లో బ్యాంకులు, 1964 మార్చిలో దుకాణాలు జాతీయం చేశాడు. అదే ఏడాది మే 17న యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నాడు. చాట్ అంటే అక్కడి రూపాయి. చిన్న పాన్‌షాపు వాడి గల్లాపెట్టె కూడా ఒక్క పూటలో ఖాళీ అయింది. మూడు లక్షల మంది దాకా భారతీయులు బర్మా వదిలారు. భారత ప్రభుత్వం ఓడలు పంపింది. రేవులో తనిఖీ చేసి ఆడవాళ్ల ఒంటిమీది బంగారం ఊడదీసుకున్నారు. "ముక్కుపుడక కూడా తీసీసినారు. ఈ పుడకలు ఇక్కడికొచ్చినాక చేయించుకున్నవి" అని ఆమె ముక్కు చూపించింది.

ఆమె కుటుంబం విశాఖపట్నంలో దిగింది. ఆ కాలపు గుర్తుగా విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు నేటికీ ఉంది. మద్రాసులో దిగినవాళ్లు రేవు పక్క ఫుట్‌పాత్ మీద సామాను పరిచి బర్మా బజారు కట్టుకున్నారు. ప్రభుత్వం క్యాంపులు పెట్టింది, అప్పులు ఇచ్చింది, కొందరికి మిల్లుల్లో పని చూపించింది. సరిపోయిందా అంటే లేదు. కానీ ఒక మాట మాత్రం ఇచ్చింది. 'మీరు మావాళ్లు' అని. ఊళ్లో మాత్రం 'రంగమోళ్లు' అన్నారు. నాప్పీ చేపల వాసన తింటారని, ఆడపిల్లలు లుంగీ కట్టారని, బర్మావాళ్లతో కలిసిపోయారని సంబంధాలకు వెనకాడారు. అక్కడ కలా, ఇక్కడ రంగమోళ్లు. "ఏ ఊరమ్మా అనడిగితే ఏ ఊరు సెప్పాల బాబూ?" అని ఆమె నన్నే అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఒక కథ ఉంది. చెప్పాను.

పలాస నుంచి సైద్‌పూర్

మా నానీ తండ్రి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పలాసలో పనిచేసేవాడు. కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న లైను 1902 నుంచి ఆ రైల్వేది. 1944లో దాన్ని ప్రభుత్వం తీసుకుంది. 1947లో దేశం చీలినప్పుడు ప్రభుత్వోద్యోగులకు ఒక కాగితం ఇచ్చారు. ఇండియాలో పనిచేస్తావా, పాకిస్తాన్‌లోనా? రాసివ్వు. ఖాయంగా రాయొచ్చు, తాత్కాలికంగా రాసి ఆరు నెలల్లో మార్చుకోవచ్చు. మిగతా జనాన్ని ఎవరూ అడగలేదు. రైల్వే ముస్లింను అడిగారు. కలకత్తా అల్లర్ల కబుర్లు లైను పొడుగునా వస్తున్న రోజులవి. ఆయన తాత్కాలికమని రాసి, భార్యనూ ఏడేళ్ల కొడుకునూ తీసుకుని తూర్పు పాకిస్తాన్‌లోని సైద్‌పూర్ వెళ్లాడు. అక్కడ పెద్ద రైల్వే వర్క్‌షాపు ఉంది. మా నానీకి అప్పటికే పెళ్లయి టెక్కలిలో ఉంది. అందుకని ఆమె మిగిలింది. ఆరు నెలలు గడవకముందే ఆయన జబ్బుచేసి పోయాడు. కాగితం మార్చేవాళ్లు లేరు.

ఆ ఏడేళ్ల పిల్లవాడే మా చిన్న నానా. పలాసలో పుట్టి, పలాస బడిలో రెండో తరగతి దాకా తెలుగు చదివాడు. పెరిగింది సైద్‌పూర్‌లో.

1948 జులైలో పర్మిట్ పద్ధతి వచ్చింది. 1949లో రాజ్యాంగం రాసినవాళ్లు అయిదో అధికరణంలో ఈ నేల మీద పుట్టి ఇక్కడ నివాసమున్నవాడు పౌరుడన్నారు. ఏడో అధికరణంలో, 1947 మార్చి 1 తర్వాత పాకిస్తాన్ ప్రాంతానికి వలస వెళ్లినవాడు పౌరుడు కాడన్నారు. తిరిగి స్థిరపడేందుకు పర్మిట్ మీద వచ్చినవాళ్లకు మాత్రమే మినహాయింపు. ఎనిమిదో అధికరణంలో, విదేశాల్లో ఉన్న భారత సంతతివాళ్లు అక్కడి మన రాయబార కార్యాలయంలో నమోదు చేసుకుంటే పౌరులే అన్నారు. నిమ్మాడ ముసలమ్మ తండ్రికి వర్తించింది ఎనిమిది. మా చిన్న నానాకు వర్తించింది ఏడు. ఇద్దరు పిల్లలూ ఇరవై ముప్పై మైళ్ల దూరంలో పుట్టారు. ఇద్దరినీ పెద్దవాళ్లే తీసుకెళ్లారు. ఇద్దరూ తీసుకెళ్లమని అడగలేదు.

1952 అక్టోబరు 15 నుంచి రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. అక్కను చూడాలంటే వీసా కావాలి. వీసా కావాలంటే పాకిస్తాన్ పాస్‌పోర్టు కావాలి. పాస్‌పోర్టు తీసుకుంటే ఆ దేశ పౌరసత్వం కోరి తీసుకున్నట్టే లెక్క అని 1956 నిబంధనలు అన్నాయి. పుట్టిన ఊరు చూడటానికి తీసుకున్న కాగితమే ఆ ఊరు నీది కాదనడానికి సాక్ష్యం.

ఆయన 1964లో దసరా రోజుల్లో వచ్చాడు. వయసు ఇరవై నాలుగు. ఇరవై నాలుగు గంటల్లోగా పోలీస్‌ స్టేషన్‌లో హాజరు వేయించుకోవాలి. స్టేషన్ పేరు రాయను. ఇప్పుడు దానితో పని లేదు. అక్కడ "పుట్టిన ఊరు?" అనడిగితే పలాస అన్నాడట. "పాకిస్తానీవి, పలాస అంటావేంట్రా?" అని నవ్వారట. కాశీబుగ్గ దాటి సముద్రం వైపు వెళ్లడానికి అనుమతి లేదు. వీసాలో రాసిన ఊళ్లకు మాత్రమే వెళ్లాలి. బారువ రేవు చూడాలని ఉందన్నాడట. చూడలేదు. ఇంకొన్నాళ్లు ఉంటానని దరఖాస్తు పెట్టాడు. గడువు పొడిగించలేదు. నానీ రైలు దాకా వెళ్లింది. అదే ఆఖరు.

ఆ ఏడాదే విశాఖ రేవులో రంగం ఓడలు దిగుతున్నాయి. ఒకే జిల్లా. ఒకే సంవత్సరం. ఒకరిని తెచ్చేందుకు ఓడ వెళ్లింది. ఇంకొకరు వచ్చిన రైల్లోనే వెనక్కి పోయారు.

కోర్టులు ఈ చిక్కు చూడకపోలేదు. పాకిస్తాన్ పాస్‌పోర్టుతో వచ్చి ఉండిపోయిన ఒకాయనను విదేశీయుడని శిక్షించాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పౌరసత్వం పోయిందో లేదో తేల్చాల్సింది కేంద్రప్రభుత్వమని, అది తేలకుండా శిక్ష కుదరదని 1961లో సుప్రీంకోర్టు చెప్పింది. 1966లో కేరళ కేసులో మాత్రం 'వలస' అన్న మాటకు విశాలమైన అర్థం చెప్పింది. శాశ్వతంగా ఉండిపోవాలన్న ఉద్దేశం లేకపోయినా, కొద్దికాలపు పని మీద కాకుండా సొంత ఇష్టంతో వెళితే వలసేనంది. ఏడేళ్ల పిల్లవాడి ఇష్టం ఎక్కడుంటుంది? తండ్రి రాసిచ్చిన కాగితంలో ఉంటుంది కాబోలు.

1971లో బంగ్లాదేశ్ పుట్టింది. సైద్‌పూర్‌లో ఉర్దూ మాట్లాడేవాళ్లందరినీ 'బిహారీ'లన్నారు. పలాసవాడు కూడా బిహారీయే అయ్యాడు. పాకిస్తాన్ సైన్యం బెంగాలీల మీద చేసిన దారుణాలకు కొందరు ఉర్దూవాళ్లు చేతులు కలిపిన మాట నిజం. దానికి శిక్ష అందరికీ పడింది. వాళ్లు క్యాంపుల్లో మిగిలారు. పాకిస్తాన్ కొందరినే తీసుకుంది. 2008లో ఢాకా హైకోర్టు, 1971 నాటికి మైనర్లుగా ఉన్నవాళ్లూ ఆ తర్వాత పుట్టినవాళ్లూ బంగ్లాదేశ్ పౌరులేనని తీర్పు ఇచ్చింది. 1971లో మా చిన్న నానాకు ముప్పై ఒక్కేళ్లు.

ఎవరికి ఓడ, ఎవరికి పోలీసు

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టింది నిమ్మాడ ముసలమ్మకు దక్కిందేదో ఎక్కువని చెప్పడానికి కాదు. ఆమెకు దక్కింది తక్కువే. ఇంకొక మాట కూడా న్యాయంగా చెప్పాలి. 1964లో రంగం ఓడలెక్కినవాళ్లలో ముస్లింలూ ఉన్నారు. ముఖ్యంగా తమిళ ముస్లింలు. ఓడ దగ్గర మతం అడగలేదు. అంటే ఈ రిపబ్లిక్‌కు అలా చేయడం వచ్చు. వచ్చిన పనిని మరిచిపోయింది.

2019లో పౌరసత్వ చట్టాన్ని సవరించారు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకు దారి తెరిచారు. ముస్లింలు ఆ జాబితాలో లేరు. బర్మా కూడా లేదు. మన లక్షల మందిని తరిమిన బర్మా, 1982 పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలను ఏ దేశమూ లేనివాళ్లను చేసిన బర్మా, 2017లో ఏడు లక్షల మందిని బంగ్లాదేశ్‌లోకి నెట్టిన బర్మా. అక్కడినుంచి పారిపోయి వచ్చినవాళ్లు కొన్ని వేలమంది హైదరాబాద్ బాలాపూర్ వైపు గుడిసెల్లో ఉన్నారు. వాళ్లనూ బర్మాలో 'కలా' అనే అంటారు. మన కొరంగీ కూలీని తిట్టిన మాట అదే. ఒకే తిట్టు తిన్నవాళ్లలో ఒకరు మన అమ్మమ్మ, ఇంకొకరు చొరబాటుదారు ఎలా అయ్యారో ఉత్తరాంధ్ర జనం ఒక్కసారి ఆలోచించాలి.

మా జిల్లాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో చేపలవేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. కరాచీ జైల్లో పద్నాలుగు నెలలున్నారు. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా దగ్గర ఈ గడ్డమీద కాలుపెట్టారు. జిల్లా అంతా సంతోషించింది. నానీ ఉంటే ఆమే ముందు షుక్రానా నమాజు చదివేది. పాకిస్తాన్ నుంచి వచ్చారు కదా అని ఎవరూ వాళ్లను అనుమానించలేదు. అలాగే ఉండాలి. పొట్టకూటి కోసం వెళ్లిన మనిషి గీత దాటాడా లేదా అన్నది అతని నేరం కాదని ఉద్దానం నుంచి సముద్రతీరం దాకా అందరికీ అర్థమయింది. కొబ్బరి తోటలు తుపానులకు పోయి, కిడ్నీ జబ్బు ఇంటింటినీ తిని, పిల్లలు గల్ఫ్‌కూ గుజరాత్‌కూ పోతున్న ప్రాంతం కదా. వలసంటే ఏమిటో దానికి ఒకరు చెప్పనక్కర్లేదు.

మేం కోరేది కూడా అంతే. ఆ అర్థం చేసుకోవడాన్ని మనిషి పేరు విన్నాక ఆపెయ్యొద్దని.

లౌకికవాదులైన నా మిత్రులు కొందరు, "ఈ పాత సంగతులు తవ్వడం దేనికి? మీరంతా ఇక్కడ ఉండిపోయారు కదా, మీరు భారతీయులే కదా" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాటలో ఒక షరతు ఉంది. ఉండిపోయినవాళ్లు మంచివాళ్లు, పోయినవాళ్లు పరాయివాళ్లు అని. మా ఇంట్లో ఉండిపోయిన నానీ, పోయిన చిన్న నానా ఒకే తల్లి బిడ్డలు. నానీ ఉండిపోవడం దేశభక్తి కాదు. పెళ్లయింది కాబట్టి ఉంది. చిన్న నానా పోవడం ద్రోహం కాదు. ఏడేళ్లవాడు కాబట్టి పోయాడు. లక్షలమంది చరిత్ర ఇలాంటి కారణాలతోనే నడిచింది. నానీ ఉండిపోయినందుకు నాకు మెచ్చుకోలు వద్దు. చిన్న నానా పోయినందుకు నేను సంజాయిషీ ఇవ్వను.

నానీ రేకుపెట్టెలో సైద్‌పూర్ ఉత్తరాలు పదకొండు ఉన్నాయి. చివరిది 1970 నాటిది. అన్నీ ఉర్దూలోనే. పత్రికలో పనిచేసే నేను ఆ నస్తాలీఖ్ దస్తూరీని తేలిగ్గానే చదవగలను. అన్నిటి చివరా, సంతకం కింద, ఒక్క మాట మాత్రం తెలుగులో ఉంది. 'పలస' అని. దీర్ఘం లేదు. రెండో తరగతి పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడే ముప్పయ్యేళ్ల మనిషి చేతిలోనూ ఆగిపోయింది.

రెండోసారి నిమ్మాడ వెళ్లినప్పుడు ఒక ఉత్తరం తీసుకెళ్లాను. ముసలమ్మ ఉర్దూ చదవలేదు, తెలుగూ చదవలేదు. చదివి వినిపించమంది. వినిపించాను. ఆ తెలుగు మాట ఎక్కడుందో చూపించమని, వేలు పెట్టి తడిమింది. "ఈయన మళ్లీ రాలేదా బాబూ?" అంది. రాలేదన్నాను.

"ఓడ పంపలేదేటి?" అంది.